ఎడమ పక్క సంగతులు

బ్లాగు మొదలుపెట్టిన రోజున 'నా గురించి' అనే పేజీలో ఇలా రాసుకున్నాను:

"కాలేజీలో రెండో ఏడు గట్టెక్కాను. చదివేది లెక్కలు. ఇష్టాలు మాత్రం లెక్కకు అందవు. చీమలు, పాత తాళాలు, మబ్బులు, గోడల మీద నాచు, పడవవాళ్లు వేసే ముడులు, రొట్టె ఎందుకు పొంగుతుంది, ఒకరు ఆవలిస్తే పక్కవాళ్లకి ఎందుకు అంటుకుంటుంది, నత్తకి పళ్లుంటాయా (ఉంటాయి, వేలల్లో). దేంట్లోనూ పండితురాలిని కాను, అన్నిట్లోనూ వేలు పెడతాను. అందుకే ఈ బ్లాగు పేరు 'అన్నీ కొంచెం కొంచెం'. తలుపు తీసే ఉంది, లోపలికి రండి."

రాసి, నాలుగుసార్లు చదువుకుని, నా అంత తెలివైనది ఈ భూమ్మీద లేదని తీర్మానించుకుని అమ్మకి వినిపించాను. అమ్మ కుట్టుమిషను ఆపకుండానే విన్నది. ఒక ఫర్నిచర్ షాపువాళ్లకి కర్టెన్లు కుట్టడం ఆమె పని. మా ముందుగదిలో ఎప్పుడూ ఎవరెవరి కిటికీలకో వెళ్లాల్సిన బట్ట గుట్టలుగా పడి ఉండేది, మేం వాటి మధ్య దారి చేసుకుని తిరిగేవాళ్లం.

"అన్నీ కొంచెం కొంచెం వచ్చుగానీ, పాలు పొంగిపోకుండా చూడ్డం మాత్రం కొంచెం కూడా రాదని రాశావా?" అంది.

నేను పొయ్యి దగ్గరికి పరిగెత్తేసరికి పాలు సగం పొయ్యి మీదే ఉన్నాయి.

నాన్న అలా కాదు. ఆయన బస్సు డ్రైవరు. మధ్యాహ్నం డిపోలో విశ్రాంతి గదిలో అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకునే వేళకి ఫోన్ తీసి, "మా అమ్మాయి రాసింది, నోళ్లు నమిలినా చెవులు ఇటు పెట్టండి" అని నా బ్లాగు పైకి చదివేవాడట. ఈ సంగతి నాకు చెప్పింది రేడియో బాబాయి. బాబాయి అంటే రక్తసంబంధం ఏమీ లేదు. నాన్న బస్సులో కండక్టరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే రూటు. నోరు మూత పడదు కాబట్టి డిపో అంతా ఆయన్ని రేడియో అనేవాళ్లు. నా బ్లాగు కింద మొదటి కామెంటు ఆయనదే: "ప్రొఫెసర్ గారూ, నత్తల గురించి చదివాను. మా డిపో మేనేజరు కళ్ల ముందు మెదిలాడు."

వాళ్లిద్దరూ బస్సు నడిపే తీరు వేరు. మిగతా బస్సుల్లో కండక్టరు టికెట్లు కొట్టేసి వెనక సీట్లో కునుకు తీస్తాడు. రేడియో బాబాయి మాత్రం పని అవగానే ముందు తలుపు దగ్గరికి వచ్చి, ఎడమవైపు కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఎడమ పక్క సంగతులేంటి?" అనేవాడు. ఇక మొదలు. "ఎడమ పక్క బ్రహ్మాండం. సైకిలు మీద ఒక పెద్దమనిషి, కొత్త బూట్లు, కాళ్లు నొప్పెడుతున్నట్టున్నాయి. ఆ ముందు ఒకావిడ గొడుగు తెరవలేక తిట్టుకుంటోంది, రోడ్డు మీదకొచ్చేట్టుంది చూసుకో. ఐస్‌క్రీం బండివాడు ఇవాళ కూడా సందు మలుపులోనే పెట్టాడు, వాడికి ఎన్నిసార్లు చెప్పినా సిగ్గు లేదు." బస్సులో జనం పడీ పడీ నవ్వేవాళ్లు. కొందరు ముందు సీట్ల కోసం ఒక బస్సు వదిలేసి మరీ ఈ బస్సు ఎక్కేవాళ్లు. అదంతా కాలక్షేపం అనుకుంటూనే నేను పెద్దదాన్నయ్యాను.

సెలవులు మొదలై కొద్దిరోజులైంది. బ్లాగులో చీమలు, తాళాలు అయిపోయాక కళ్ల మీద పడ్డాను. మనిషి కంటిలో ఒక గుడ్డి చుక్క ఉంటుందని ఎక్కడో చదివాను. ప్రతి కంటికీ ఉంటుంది, ఎవరికీ తెలియదు. దాన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఒక అట్టముక్క మీద గుణకారం గుర్తు ఒకటి, దానికి బెత్తెడు దూరంలో నల్లటి చుక్క ఒకటి గీయాలి. ఒక కన్ను మూసి, రెండోదాంతో గుర్తునే చూస్తూ అట్టని మెల్లగా దగ్గరికి తెచ్చుకుంటే ఒకచోట చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్లీ కనిపిస్తుంది. బ్లాగులో పెట్టేముందు ఇంట్లోవాళ్ల మీద ప్రయోగం చేద్దామని, సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టాను.

అమ్మ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. "పోయింది! వచ్చింది! మళ్లీ పోయింది!" అని అట్టని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఎంతసేపటికీ వదల్లేదు.

నాన్న కుడికన్నుతో చూశాడు. పోయింది, వచ్చింది. తర్వాత కుడికన్ను మూసి, అట్టని తలకిందులు చేసి, ఎడమ కన్నుతో చూశాడు.

"పోయింది" అన్నాడు.

"ఇంకా దగ్గరికి తే నాన్నా, వస్తుంది."

"రాలేదు."

"ఇంకాస్త."

"రాలేదమ్మా." అట్ట ముక్కుకి తగులుతోంది. "నీ చుక్కకి మనిల్లు నచ్చలేదు, ఎటో వెళ్లిపోయింది."

సరిగ్గా పట్టుకోలేదేమోనని మళ్లీ చేయించాను. గుర్తు మీంచి చూపు కదిలించకూడదని చెప్పి ఇంకోసారి చేయించాను. మూడోసారి నాన్న అట్టని బల్ల మీద బోర్లా పెట్టి, "దాహంగా ఉంది, మంచినీళ్లేవీ?" అని కుడివైపు వంటగదికేసి చూశాడు. అమ్మ అప్పటికే నీళ్ల గ్లాసుతో ఆయన ఎడమ భుజం పక్కన నిలబడి ఉంది.

అమ్మ ఆయన ముందుకి వచ్చి గ్లాసు చేతికిచ్చింది.

ఆ పోస్టు నేను పెట్టలేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్లి కళ్ల గురించి దొరికినవన్నీ చదివాను. ఎందుకు చదివానా అనిపించింది. ఏ పుస్తకం తీసినా ఒకటే మాట. నరం ఎండిపోతుంది, పక్కచూపు ముందు పోతుంది, నొప్పి ఉండదు, పోయింది తిరిగి రాదు. నాకు ఏదైనా తెలిస్తే సంబరం, నలుగురికీ చెప్పేదాకా కాళ్లు నిలవవు. ఇది తెలిశాక మాత్రం ఇంటికి వెళ్లడానికే భయమేసింది.

నాన్న పెరట్లో యూనిఫాం బూట్లకి పాలిష్ వేసుకుంటున్నాడు. ఎదురుగా చతికిలబడ్డాను. ఎలా అడగాలో దారంతా ఆలోచించుకున్నవన్నీ గాలికి పోయాయి.

"ఎడమ కన్ను నీకు కనిపించట్లేదు కదా?"

బ్రష్షు ఆగలేదు. "ఎదురుగా కనిపిస్తుంది. పక్కకే లేదు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు స్కూల్లో ఉన్నప్పట్నుంచేమో. ఒక్కసారిగా పోతే తెలిసేది. అది దొంగలా పోయింది." బూటు ఎత్తి వెలుతుర్లో చూసుకున్నాడు. "డాక్టరు దగ్గరికెళ్లా. పోయింది రాదట, ఉన్నది నిలబెట్టుకోడానికి చుక్కల మందిచ్చాడు. వేసుకుంటున్నా."

"డిపోలో పరీక్షలు చేస్తారుగా!"

"చేస్తారు. గోడ మీద అక్షరాలు చదవమంటారు. అక్షరాలు ఎదురుగానే ఉంటాయి. ఎదురు చూపులో నన్ను మించినవాడు డిపోలో లేడు." నవ్వాడు. నేను నవ్వలేదు. నాన్న కూడా ఆపేశాడు. "తల్లీ, నీ చదువయ్యేదాకా. అంతే. తర్వాత నేనే వెళ్లి చెప్పేస్తా. నాకు బండి నడపడం తప్ప ఇంకో పని రాదు. ఇప్పుడు సీటు దిగితే నన్ను ఎక్కడ కూర్చోబెడతారు?"

"ఈలోగా ఎవరికైనా ఏదైనా అయితే?"

"ఇన్నేళ్లలో ఏమైంది? ఒక్క గీత పడలేదు బండికి. రేడియో ఉన్నాడుగా."

అప్పుడు అర్థమైంది నాకు. జనం నవ్వుకునే ఆ కబుర్ల మీద బస్సు నడుస్తోంది. "బాబాయికి తెలుసా?" అన్నాను.

"వాడికేం తెలుసు! వాడు నన్ను నవ్విస్తున్నాననుకుంటాడు" అన్నాడు నాన్న, రెండో బూటు తీసుకుంటూ.

కోపం రావాలి నాకు. రాలేదు. ఆయన్ని చూస్తే జాలి, ఆ బస్సుకి ఎడమ పక్కన నడిచేవాళ్లని తలుచుకుంటే వణుకు. ఏం చెయ్యాలో తోచక అక్కడే కూర్చుని బూట్ల లేసులకి ముడులు వేస్తూ ఉండిపోయాను.

అమ్మకి చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే డిపోలో నోటీసు పెట్టారు. ఇకమీదట మా రూటులో కండక్టర్లు ఉండరు. ముందు తలుపు దగ్గర కార్డు గీసుకునే యంత్రం పెడతారు, ఎక్కినవాళ్లు తామే గీసుకోవాలి, డ్రైవరు ఒక్కడే బస్సు నడుపుతాడు. ఖర్చు తగ్గుతుందట. రేడియో బాబాయిని, జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువులు దాచే గదికి మార్చారు.

యంత్రం పెట్టిన రోజు సాయంత్రం నాన్న ఇంటికొచ్చిన తీరు చూశాను. చొక్కా మొత్తం తడిసిపోయింది. మెడ పట్టేసిందని అమ్మ చేత మందు రాయించుకున్నాడు. రోజంతా తలని ఎడమవైపు తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది మరి.

నేను డిపోకి పరిగెత్తాను. మరిచిపోయిన వస్తువుల గది ఒక మూల ఉంది. గొడుగులు, ఒంటి చేతి తొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఎవరిదో చంకకర్ర కూడా. వాటి మధ్య స్టూలు మీద బాబాయి, మాట్లాడ్డానికి మనిషి లేక, ఈగలు తోలుకుంటున్నాడు.

"రండి రండి ప్రొఫెసర్ గారూ! చంకకర్ర మరిచిపోయి దిగినవాడు ఇంటికెలా వెళ్లాడో మీ బ్లాగులో రాయండి. పొద్దున్నుంచి అదే ఆలోచిస్తున్నా."

తలుపు దగ్గరికి వేసి విషయం చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. రేడియో బాబాయి మాట్లాడకుండా ఉండటం నేను చూడ్డం అదే మొదటిసారి.

"నా జోకులకి నవ్వుతాడనుకున్నా" అన్నాడు. "ఒకోరోజు నాకు ఒంట్లో బాగోక మాట్లాడకపోతే విసుక్కునేవాడు. 'ఏంట్రా మూగనోము, చెప్పు' అని. నా మాటంటే అంత ఇష్టమా వీడికి అని పొంగిపోయేవాణ్ని." నవ్వబోయి, ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు. "ఎంత వెర్రివాణ్ని తల్లీ!"

"డిపోలో చెప్పెయ్యి బాబాయ్. నువ్వు చెబితే వింటారు."

"ఏ నోటితో చెప్పను? నేను చెప్పానని తెలిస్తే వాడు నా ముఖం చూస్తాడా? చెప్పకపోతే నా ముఖం నేను చూసుకోగలనా?" గొడుగులన్నీ తీసి మళ్లీ అదే వరసలో పెట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి, "నీకు సెలవులేగా?" అన్నాడు.

"అవును."

"అయితే నువ్వెక్కు. నేను నిలబడేచోట నిలబడు. చూసింది చెబుతూ ఉండు. ఈలోగా ఏదో ఒక దారి చూద్దాం."

తప్పని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా ఆ పూటకి అదొక దారిలా కనిపించింది. మా వాళ్లందరిదీ ఒకటే పద్ధతి. ఇల్లు కారుతుంటే కప్పు బాగుచెయ్యరు, కింద గిన్నె పెట్టి, నిండితే పారబోస్తూ ఉంటారు.

మర్నాడు పొద్దున నాన్న బస్సు ఎక్కి, కార్డు గీసి, ఎడమవైపు కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

"ఎక్కడికి తల్లీ?" అన్నాడు నాన్న.

"ఎక్కడికీ కాదు. బ్లాగులో కొత్త శీర్షిక మొదలుపెడుతున్నా. మన రూటులో ఎడమ పక్క ఏమేం ఉంటాయో అన్నీ రాయాలి. సెలవులయ్యేదాకా రోజూ వస్తా."

నాన్న అద్దంలోంచి నన్ను చూశాడు. రేడియో బాబాయికి చెప్పేశానా, నాకు నేనే అనుకుని వచ్చానా అని లెక్క కట్టుకుంటున్నట్టున్నాడు. తర్వాత గేరు వేసి, గొంతు సవరించుకుని, "అయితే చెప్పు మరి. ఎడమ పక్క సంగతులేంటి?" అన్నాడు.

ఆ మాటతో నాకు కళ్లు మసకలు కమ్మాయి. తుడుచుకునే వ్యవధి లేదు, చెప్పాల్సినవి వచ్చేస్తున్నాయి.

మొదట్లో తడబడ్డాను. సైకిలు దాటిపోయాక "సైకిలు" అనేదాన్ని. బాబాయి సాయంత్రాలు పాఠం చెప్పేవాడు: "ముందు దూరం, తర్వాత మనిషి, తర్వాత జోకు. జోకు లేకపోయినా పర్లేదు." మెల్లగా చేతనైంది. బ్యాంకు గోడ వారగా పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లే ఒకాయన, వేలు వదిలించుకుని పరిగెత్తే చిన్నది. పళ్ల బండి వెనక నుంచి బయటికొచ్చే కుక్క. ఆస్పత్రి ముందు డ్యూటీ దిగి నిద్రకళ్లతో, చూడకుండా రోడ్డు దాటే నర్సులు. ఇళ్ల పునాదులు తవ్వుతున్నచోట రోడ్డు మీదకి జారిన ఇసుక. సాయంత్రం ఇంటికెళ్లి అవే బ్లాగులో రాసేదాన్ని. అబద్ధం నిలబడాలంటే రాయాలిగా.

జనానికి ఆ శీర్షిక తెగ నచ్చింది. చీమల గురించి రాస్తే ముగ్గురు చదివేవాళ్లు, వాళ్లలో ఇద్దరు మా ఇంటివాళ్లే. ఇప్పుడు ఎవరెవరో రాస్తున్నారు. "రోజూ అదే దారిలో వెళ్తాను, ఇవేవీ చూడలేదు" అని ఒకరు. "మీ కళ్లతో చూడటం అలవాటైపోయింది" అని ఇంకొకరు. అంతకు ముందైతే అలాంటి మాటలకి గాల్లో తేలేదాన్ని. ఇప్పుడు సగం చదివి పేజీ మూసేసేదాన్ని. కుడి పక్క ఎందుకు రాయరని ఒకావిడ అడిగింది.

వేసవి సగం దాటాక ఒకరోజు బస్సు కిక్కిరిసిపోయింది. ఎవరో పెద్ద సూట్‌కేసుతో ఎక్కి నాకూ తలుపుకీ మధ్య నిలబడ్డాడు. జరగమంటే జరగడానికి చోటు లేదు. మునివేళ్ల మీద లేచినా నాకు ఆయన భుజం తప్ప ఏమీ కనిపించలేదు. "నాన్నా, నాకు కనిపించట్లేదు!" అని అరిచాను. అప్పటికే బస్సు ఎడమకి తిరుగుతోంది. పక్కనుంచి ధడేల్మని చప్పుడు. నాన్న బ్రేకు తొక్కిన తొక్కుకి జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

సైకిలు కుర్రాడు. వాడికేం కాలేదు. బస్సు మీదకొస్తుంటే అరచేత్తో గట్టిగా బాదాడు, అదే ఆ చప్పుడు. సైకిలు పేవ్‌మెంటు మీదకి ఎక్కించేసుకుని, అక్కణ్నుంచి "కళ్లు కనపడవా?" అని అరిచాడు. రోడ్డు మీద ఎవరైనా ఎవరినైనా తిట్టే తిట్టే అది. నాన్న మాత్రం స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, చాలాసేపు కదల్లేదు. వెనక నుంచి ఎవరో "పోనీ బాబూ" అంటే బయల్దేరాడు. ఆఖరి స్టాపు దాకా నేను "సైకిలు", "మనిషి", "ఖాళీ" అంటూ వచ్చాను, అంతే.

బస్సు ఖాళీ అయ్యాక అన్నాను. "నాన్నా, చాలు. ఇవాళే చెప్పేద్దాం. నీకు వేరే పని ఇస్తారు. బాబాయికిచ్చారుగా."

"వాడికి కళ్లున్నాయి, గొడుగులు చూసుకుంటాడు. నాకేమిస్తారు?"

"ఆ అబ్బాయి పోయేవాడు!"

"తెలుసు" అన్నాడు. అంత చిన్న గొంతు నాన్నకి ఉందని నాకు తెలియదు. "నాకు తెలీదనుకున్నావా? రోజూ పొద్దున తాళం పెట్టేటప్పుడు ఇవాళొక్కరోజు దాటించమనుకుంటా. దాటుతుంది. మర్నాడు మళ్లీ అదే."

ఇంటికొచ్చాక అమ్మ ముందు కూలబడి అంతా కక్కేశాను. అమ్మ ఆకుపచ్చ బట్ట అంచు మడుస్తూ విన్నది. ఆశ్చర్యపోతుందేమో, అరుస్తుందేమో అని చూశాను.

"మందు సీసా ఉతికే చొక్కా జేబులో దొరికింది, పోయినేడు" అంది. "కంపౌండర్ని అడిగితే ఎందుకు వాడతారో చెప్పాడు."

"మరి ఏమీ అనలేదేం!"

"ఏమనాలి? నువ్వు చెప్పు, చదువుకున్నదానివి. మానెయ్యమంటే మనిషి కూలబడిపోతాడు. మానొద్దంటే రోజూ సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా నా ప్రాణం నాలో ఉండదు. నాకు ఈ రెండూ తప్ప మూడోది తోచలేదు. నీకు తోస్తే చెప్పు, చేస్తాను."

ప్రపంచంలో ఉన్నవన్నీ కొంచెం కొంచెం తెలుసని చెప్పుకునే నాకు కూడా ఏమీ తోచలేదు. డిపో మేనేజరుకి పేరు లేకుండా ఒక మెయిల్ రాశాను. నాన్న ముఖం గుర్తొచ్చి చెరిపేశాను. సైకిలు కుర్రాడు గుర్తొచ్చి మళ్లీ రాశాను. ఎన్నిసార్లు అలా చేశానో చెప్పలేను. అది ఇప్పటికీ పంపని మెయిళ్లలోనే ఉంది. పొద్దున్నే లేచి, ఏమీ ఎరగనట్టు టిఫిన్ డబ్బా పట్టుకుని నాన్నతోపాటు బయల్దేరేదాన్ని. నేనున్నంతసేపూ ఏమీ కాదులే అని నన్ను నేను ఊరడించుకునేదాన్ని. సెలవులు అయిపోకుండా ఉంటే బాగుండునని, చదువంటే ప్రాణం పెట్టే నేను, ఆ ఏడు కోరుకున్నాను.

సెలవులు అయిపోయాయి.

కాలేజీ తెరిచిన రోజు క్లాసులో కూర్చున్నానన్న మాటే గానీ బోర్డు మీద ఏం రాశారో నాకు తెలియదు. ఇప్పుడు ఆస్పత్రి దగ్గరుంటాడు, ఇప్పుడు పళ్ల బండి మలుపు తిరుగుతుంటాడు అని మనసులో రూటంతా నడుస్తోంది. సైరన్ వినిపించిన ప్రతిసారీ పెన్ను కింద పడేసుకున్నాను. క్లాసులు అవ్వగానే గేటు బయట స్టాపుకి పరిగెత్తాను. ఇంటికి ఆయన బస్సులోనే వెళ్లాలని, వెళ్లి ఆ కడ్డీ దగ్గర నిలబడాలని.

స్టాపుకి ముందు ఒక లారీ ఆపి ఉంది. దాని వెనక నుంచి బస్సు వస్తున్న చప్పుడు విని, లారీ దాటి ముందుకొచ్చి నిలబడి చెయ్యి ఎత్తాను. బస్సు అప్పటికి బాగా దగ్గరకొచ్చేసింది. రెండో చెయ్యీ ఎత్తి ఊపాను. "నాన్నా!" అని పిలిచాను.

బస్సు వేగం తగ్గించకుండా నా ముందు నుంచి వెళ్లిపోయింది. ఆ గాలికి నా చేతిలో పుస్తకం కాగితాలు రెపరెపలాడాయి. ఆ ఒక్క క్షణం నాన్న ముఖం స్పష్టంగా కనిపించింది. రెండు చేతులూ స్టీరింగు మీద, వీపు నిటారుగా, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా, చాలా జాగ్రత్తగా, మంచి డ్రైవరులా నడుపుతున్నాడు.

లోపల ఎవరో గంట కొట్టారు. సెలవులంతా నన్ను ఆ బస్సులో చూసినవాళ్లే అయ్యుంటారు. "మీ అమ్మాయండీ! ఆపండి, మీ అమ్మాయి!" అనే అరుపు నాకు కూడా వినిపించింది. బస్సు కొంత దూరం పోయి ఆగింది. ఇంజను చప్పుడు ఆగిపోయింది. నాన్న దిగి, పేవ్‌మెంటు మీద వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు. వచ్చి స్టాపులో బెంచీ మీద కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎంతసేపైంది వచ్చి?" అన్నాడు.

"ఇప్పుడే."

"చెయ్యెత్తావా?"

లేదని చెప్పాలనిపించింది. లారీ అడ్డంగా ఉందని చెప్పాలనిపించింది. "ఎత్తాను" అన్నాను.

"ఒకటా, రెండా?"

"రెండూ."

తల ఊపాడు. చొక్కా జేబులోంచి ఫోన్ తీసి డిపోకి కలిపాడు. "నేనే. కాలేజీ స్టాపు దగ్గర బండి ఆపేశా. ఇంకో డ్రైవర్ని పంపండి... బండికేం కాలేదు... లేదు, జ్వరం కాదు... పంపండి ముందు, వచ్చి చెప్తా." పెట్టేశాడు.

బస్సులోంచి జనం ఒక్కొక్కరే దిగుతున్నారు. కొందరు గడియారాలు చూసుకుంటూ నడక మొదలుపెట్టారు. ఒకాయన మమ్మల్ని గుర్రుగా చూసి ఏదో గొణుక్కుంటూ పోయాడు. చేతిలో కూరగాయల సంచీతో ఒక ముసలావిడ మా దగ్గరికి వచ్చింది.

"ఏం నాయనా, బండి చెడిపోయిందా?"

"లేదమ్మా, బండి బంగారంలా ఉంది" అన్నాడు నాన్న. "నాకే ఎడమ పక్క కనిపించదు."

ఇంట్లో ఎవరం ఆ మాట ఒకరితో ఒకరం సరిగ్గా అనుకోలేకపోయాం. ఆయన ముక్కూ ముఖం తెలియని మనిషితో ఎండలో కూర్చుని అనేశాడు.

ముసలావిడ సంచీ కింద పెట్టింది. "అయ్యో తండ్రీ" అంది. వెంటనే తిట్టాలనిపించిందేమో నోరు తెరిచింది, ఏమనుకుందో మళ్లీ మూసేసింది. "మరి ఇప్పుడు పనెట్లా?" అంది.

నాన్న బస్సు తాళాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి, "ఉన్నావా?" అన్నాడు మెల్లగా, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు తల పూర్తిగా తిప్పుతూ.

నేను కూర్చున్నది ఆయనకి ఎడమవైపు.

"ఉన్నాను నాన్నా" అన్నాను. లేచి, ఆయన ముందు నుంచి నడిచి, కుడి పక్కకి వచ్చి కూర్చున్నాను. ఇంకో డ్రైవరు వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.